స్టాక్ లేదంటే మా ఇంట్లో ఏం జరుగుతుందంటే

సంపాదకుడికి,

అయ్యా,

ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల కొరత గురించి వార్త వచ్చినప్పుడల్లా పాముకాటు మందు, కుక్కకాటు ఇంజెక్షన్, షుగర్ గోలీల పేర్లు కనిపిస్తాయి. మానసిక జబ్బుల మందుల పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తాలంటే ముందు మా ఇంట్లో అలాంటి మనిషి ఉన్నాడని చెప్పుకోవాలి కదా, అందుకేనేమో. నేను చెప్పుకుంటున్నాను.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పంతొమ్మిదేళ్లుగా మందులు వాడుతున్నాడు. రిస్పెరిడోన్ అనే మందు కుదిరాక మనిషి నిలబడ్డాడు. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాసేవాడు, పత్తి సీజన్లో రాత్రి పదింటి దాకా. గోలీలు మా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో నెలనెలా తెచ్చుకునేవాళ్లం. కిందటేడు బతుకమ్మకు ముందు కౌంటర్లో "అది స్టాక్ లేదు సార్, హాలోపెరిడాల్ ఉంది, రెండూ ఒకటే, వాడుకోండి" అన్నారు.

రెండూ ఒకటే కాదు. నేను సైన్స్ పాఠాలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. డాక్టర్లు చెప్పిందీ నేను చదివిందీ కలిపి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం జోరు ఎక్కువైతే లేని గొంతులు వినబడతాయి, అందరి మీదా అనుమానం పుడుతుంది. డోపమైన్‌ను పెంచే ఆంఫెటమిన్ లాంటి ఉత్తేజక మందులను అదేపనిగా వాడితే, ఏ జబ్బూ లేని మనిషిలోనూ ఇవే అనుమానాలు మొదలవుతాయి. జబ్బు గుట్టు తెలియడానికి ఇదీ ఒక ఆధారమైంది. 1952లో పారిస్‌లో వాడకం మొదలైన క్లోర్‌ప్రొమజీన్ నుంచి ఇప్పటి గోలీల దాకా దాదాపు అన్నీ చేసేది ఒకే పని. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుతాం చూడండి, అలా డోపమైన్ కూర్చోవాల్సిన చోట్లను ఇవి ముందే పట్టేస్తాయి. సుమారు 65 శాతం సీట్లు పడితే గొంతులు తగ్గుతాయి. 80 శాతం దాటితే కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి, ఉన్నచోట ఉండలేరు. మధ్యలో ఉన్న జాగా అంతే. ఏ మనిషికి ఏ మందు ఎంత మోతాదులో ఆ జాగాలో నిలుస్తుందో తెలుసుకోవడానికి డాక్టర్లకే నెలలు పడుతుంది. దాన్ని కౌంటర్లో ఒక్క నిమిషంలో మార్చేశారు.

హాలోపెరిడాల్ మంచి మందే, దాంతో బాగుపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. మా వాడికి మాత్రం వారం తిరక్కుండానే కాళ్లు నిలవలేదు. రాత్రంతా వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. జబ్బు ముదిరిందని మేమనుకున్నాం, గాలి సోకిందని అమ్మ అనుకుంది. వాడే విసిగి గోలీలు మానేశాడు. ఇక్కడే ఈ జబ్బు మనల్ని మోసం చేసేది. బీపీ గోలీ మానితే కొద్దిరోజుల్లో మిషన్ చెప్పేస్తుంది. ఇది వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఏమీ చెప్పదు. "గోలీలు లేకున్నా మంచిగనే ఉన్నడు గదా బిడ్డా" అని అమ్మ సంతోషపడింది. రెండో నెలలో చాయ్‌లో ఏదో కలుపుతున్నారంటూ సేటుతో గొడవ పెట్టుకున్నాడు. ఆ పని పోయింది.

క్లోజపిన్ వాడేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. వేరే మందులు పని చేయనప్పుడు ఇచ్చే మందది. 1975లో ఫిన్లాండ్‌లో తెల్లరక్తకణాలు పడిపోయి కొందరు చనిపోయాక చాలా దేశాల్లో ఆపేశారు, తర్వాత రక్తపరీక్షల షరతుతో తిరిగి తెచ్చారు. మొదటి 18 వారాలు వారం వారం పరీక్ష చేయాలి. ఇది 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదు నేరుగా వేసుకోకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాలి. శుక్రవారం వచ్చినవాళ్లకు కౌంటర్లో "సోమవారం రండి" అంటే ఎంత పని అవుతుందో చూడండి.

మన బీడీల సంగతీ ఒక మాట. పొగ తాగేవాళ్ల ఒంట్లో క్లోజపిన్, ఇదే జబ్బుకిచ్చే ఒలాంజపిన్ అనే మందూ త్వరగా ఖర్చయిపోతాయి. బీడీ ఒక్కసారిగా మానేస్తే అదే మోతాదు ఎక్కువైపోతుంది. బీడీలు చుట్టే ఊళ్లున్న జిల్లాల్లో ఈ ముక్క ఎంతమందికి చెబుతున్నారు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం ప్రకటించే అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటిని కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై స్థాయి దాకా ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో అన్నివేళలా ఉచితంగా ఇవ్వాలి. అన్నివేళలా అనే మాట చట్టంలోనే ఉంది. మానసిక సమస్యలకు ఫోన్లో సలహా చెప్పే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, మంచిదే, మేమూ మాట్లాడాం. కానీ ఫోన్లోంచి గోలీ రాదు కదా.

నేను అడిగేవి పెద్దవి కావు. మందు అయిపోయేలా ఉంటే ఆసుపత్రి ముందే స్థానికంగా కొని పెట్టాలి. డాక్టరు రాయనిదే మందు మార్చొద్దు. నిలకడగా ఉన్నవాళ్లకు డాక్టరు సరేనంటే రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. మా వాడు మళ్లీ రిస్పెరిడోన్ మీదే ఉన్నాడు. నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి బయట కొంటున్నాను, అందరికీ అది కుదరదు. ఏ మందు ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కునే నంబరు ఒకటి కౌంటర్ మీద రాసిపెట్టినా, ఏటూరునాగారం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు ఒక రోజు కూలీ మిగులుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వరంగల్ జిల్లా