గంగ ఒడ్డున కాస్త భూమి ఇప్పించండి

కేంద్ర జలశక్తి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

గంగలో శవం తేలిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి. బయటివాళ్ళు "వీళ్ళ ఆచారాలే అంత" అని ముక్కు మూసుకుంటారు. అధికారులు "ఇక్కడి ఆచారం అండీ, తరతరాలుగా ఉన్నదే" అని చేతులు దులుపుకుంటారు. రెండు మాటల్లోనూ చనిపోయిన మనిషి ఊసు ఉండదు, ఆ మనిషిని నీళ్ళదాకా మోసుకొచ్చిన ఇంటివాళ్ళ ఊసూ ఉండదు. వాళ్ళ గురించి చెప్పాలనే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. చాలా ఏళ్ళుగా కాశీలో కేదారఘాట్ దగ్గర ఉంటున్నాను. మన ప్రాంతాల నుంచి అస్థికలు పట్టుకుని వచ్చే కుటుంబాలకు పడవ మాట్లాడి పెడతాను, పురోహితుణ్ణి చూపిస్తాను, తొమ్మిది రాత్రులు నిద్ర చేసేవాళ్ళకు బస చూసిపెడతాను. వాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ శవాలను అలాగే నీళ్ళలో వదిలేస్తారటగా?" గోదావరి గట్టున పుట్టి, నదిని తల్లి అనే మనవాళ్ళే ఆ మాట భయంగా, కాస్త ఏవగింపుగా అడుగుతారు. ఈ విషయంలో బయటివాళ్ళంటే విదేశీయులే కానక్కర్లేదు.

వదిలేయడం వేరు, అప్పగించడం వేరు. సన్యాసం తీసుకున్నవాడు ఆ రోజే తన శ్రాద్ధం తాను పెట్టుకుంటాడు. అగ్నికార్యాన్ని అప్పుడే విడిచిపెడతాడు. అందుకే ఆయన పోయాక చితి పేర్చరు. భూమిలో కూర్చోబెట్టి సమాధి చేస్తారు, లేదా నదికి ఇస్తారు. కాశీలో నడిచే శివుడని రామకృష్ణ పరమహంస చెప్పిన త్రైలింగస్వామి మనవాడే. విజయనగరం ప్రాంతంలో పుట్టి, పంచగంగా ఘాట్ దగ్గర ఏళ్ళ తరబడి ఉండి, 1887లో దేహం చాలించారు. ఆయన కాయాన్ని పెట్టెలో ఉంచి గంగలోనే జలసమాధి చేశారు. అంత దూరం పోనక్కర్లేదు. అయోధ్య రామాలయ ప్రధాన అర్చకులు ఆచార్య సత్యేంద్రదాస్ 2025 ఫిబ్రవరిలో పోయినప్పుడు సరయూలో జలసమాధి చేశారు. వేలమంది దండాలు పెడుతుండగా జరిగిన ఆ కార్యాన్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు.

పసిపిల్లలను కాల్చరు. వాళ్ళకు ఇంకా ఏ కర్మా అంటలేదు, అగ్నితో శుద్ధి చేయాల్సిందేమీ లేదని పెద్దల మాట. పాము కరిచి పోయినవాళ్ళను కొన్నిచోట్ల అరటి బోదెల తెప్ప మీద నీటికి వదిలేవారు. ప్రాణం ఎక్కడో మిగిలి ఉంటుందని, దిగువన ఏ మంత్రగాడో దాన్ని తిరిగి పిలుస్తాడని ఆశ. కుష్ఠుతోనో మశూచితోనో పోయినవాళ్ళను, గర్భిణులను కూడా ఈ లెక్కలోనే చేర్చారు. కాశీ పడవవాళ్ళు ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి పర్యాటకులకు వింత కథలాగా చెబుతారు. అదే పడవవాడు, పసిబిడ్డను తెల్లగుడ్డలో చుట్టుకుని తండ్రి వచ్చిన రోజున, మాటామంతీ లేకుండా తెడ్డు వేసి, నడిగంగలో రాయి కట్టిన ఆ మూటను తండ్రి చేత నీటిలోకి దింపించి, డబ్బు అడగకుండా వెనక్కి తిప్పుతాడు. ఆ పని ఎంత మర్యాదగా జరుగుతుందో కెమెరా పట్టుకున్నవాళ్ళకు తెలియదు.

ఇక్కడ ఒక సంగతి మీ దృష్టికి తేవాలి. రెండేళ్ళు నిండని బిడ్డ పోతే ఊరి బయట భూమిలో పూడ్చమని మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతోంది. అక్కడ నది పేరెత్తలేదు. మన తెలుగు పల్లెల్లోనూ పసివాళ్ళను పూడ్చడమే ఉంది. జంగాలు, వీరశైవులు పెద్దవాళ్ళను సైతం పూడుస్తారు. అంటే పిల్లల విషయంలో నీరు తప్పనిసరి కాదు, భూమి ఉంటే భూమే మేలు. మరి కాశీలో, ప్రయాగలో, కాన్పూరులో నీటికి ఎందుకు ఇస్తున్నారు? గంగమ్మ ఒడిలో పెడితే చాలునన్న నమ్మకం ఒక కారణం. భూమి లేకపోవడం ఇంకో కారణం. ఇరుకు నగరంలో హిందువుల బిడ్డను పూడ్చడానికి చూపించే చోటు ఏదీ? ఘాట్ దగ్గర ఈ ప్రశ్న వేస్తే అందరూ నదివైపే చెయ్యి చూపిస్తారు.

సాధువులు కూడా ఇదే అడిగారు. గంగ శుభ్రంగా ఉండాలని జలసమాధి మానేసి భూసమాధికి మళ్ళుతామని, అందుకు భూమి ఇమ్మని అఖాడాల, అంటే సాధువుల సంఘాల, పెద్దలు ప్రభుత్వాన్ని కోరారు. అఖాడా పరిషత్ అధ్యక్షుడు మహంత్ నరేంద్రగిరికి 2021 సెప్టెంబరులో ప్రయాగలోని మఠం ఆవరణలోనే భూసమాధి జరిగింది. మఠానికి భూమి ఉంది కాబట్టి జరిగింది. చెట్టు కింద పడుకుని, ఘాట్ మెట్ల మీద పోయే సాధువుకు మఠం ఎక్కడిది?

బయటివాళ్ళ ఏవగింపుకు పెద్ద చరిత్రే ఉంది. 1864లో బెంగాల్ పారిశుద్ధ్య కమిషన్ అధ్యక్షుడు జాన్ స్ట్రేచీ, కలకత్తాలో ఏటా అయిదు వేలకు పైగా శవాలను హుగ్లీలో పడేస్తున్నారని ఘోరంగా చెప్పుకొచ్చాడు. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఒక్క సంవత్సరంలో ప్రభుత్వ ఆసుపత్రుల నుంచే పదిహేను వందల శవాలు నదిలో పడ్డాయి. చితికి డబ్బు లేని బీదల శవాలను దొరతనపు ఆసుపత్రే నీటిపాలు చేసింది, మచ్చ మాత్రం మన మతానికి అంటింది. నూటయాభై ఏళ్ళు దాటినా ఈ తీరు మారలేదు. 2017లో ఒక అమెరికన్ వార్తా చానల్ కాశీని చూపించడానికి వచ్చి, లక్షలమంది కాశీని వదిలిపెట్టి, మెదడు తినే ఒకరిద్దరు అఘోరాలను వెతికి పట్టుకుంది. అమెరికాలోని మనవాళ్ళు నిరసన చెప్పారు. చెప్పడం న్యాయమే.

చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ అస్థికలను 2012లో అమెరికా నౌకాదళం సైనిక లాంఛనాలతో అట్లాంటిక్ సముద్రంలో కలిపింది. దాన్ని ప్రపంచం గౌరవంగానే చూసింది, చూడాలి కూడా. నీటికి మనిషిని అప్పగించడం ఎక్కడైనా మనిషి చేసే పనే.

బయటివాళ్ళందరినీ ఒక్క గాటన కట్టను. వేల్స్ దేశంలో కార్డిఫ్ నగరం ఉంది. అక్కడి హిందువులు, సిక్కులు అస్థికలు కలపడానికి చోటు కావాలని ఏళ్ళ తరబడి అడిగితే, టాఫ్ నది మీద ఒక పడవల క్లబ్బు వాళ్ళు తమ రేవులో చోటిచ్చారు. నగర కౌన్సిల్ ఖర్చులో పాలుపంచుకుంది. 2021లో దాన్ని తెరిచారు. మన ఆచారం తెలియనివాళ్ళు మనవాళ్ళతో కూర్చుని మాట్లాడి, నదికీ నమ్మకానికీ ఇబ్బంది లేని దారి చూశారు.

అదే 2021లో గంగ ఒడ్డున ఏం జరిగిందో మీకు తెలుసు. కోవిడ్ విజృంభించిన మే నెలలో బక్సర్ జిల్లా చౌసా దగ్గర 71 శవాలు తీశామని బీహార్ ప్రభుత్వమే చెప్పింది. గాజీపూర్ జిల్లా గహ్మర్ దగ్గరా తేలాయి. ఉన్నావ్‌లో, శృంగవేరపురంలో ఇసుకలో లోతు లేని గోతుల వరుసలు బయటపడ్డాయి. ఎగిరే కెమెరాలతో తీసిన ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అప్పుడు మనవాళ్ళు చేసిందేమిటి? నదికి అడ్డంగా వల కట్టారు. ప్రయాగ దగ్గర ఫాఫామౌలో గోతుల మీద కప్పిన రామనామం గుడ్డలను ఎవరో లాగేస్తున్న దృశ్యాలు దేశమంతా చూసింది. శృంగవేరపురంలో ఇసుకలో పూడ్చడం పాత అలవాటేనన్న జవాబు వచ్చింది. ఆ అలవాటు నిజమే. కానీ ఆ నెలలో అక్కడికి చేరినవాళ్ళలో ఎంతమంది ఆచారం కోసం వచ్చారు, ఎంతమంది కట్టెల ధర విని గుండె జారి వచ్చారు? ఒక చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె కావాలి. శ్మశానంలో వరుస కట్టి నిలబడ్డ ఆ రోజుల్లో కూలివాడు ఆ కట్టె ఎక్కడ కొంటాడు? జబ్బు అంటుతుందని బంధువులే దగ్గరికి రాని శవాన్ని ఎవరు మోస్తారు? దిక్కులేక చేసినదాన్ని ఆచారం అనడం ఆచారానికి అవమానం, ఆ కుటుంబాలకు ద్రోహం.

ఇది ఆ ఒక్క ఏటి కథా కాదు. 2015 జనవరిలో ఉన్నావ్ జిల్లా పరియర్ దగ్గర నీరు తగ్గాక సుమారు వంద శవాలు బయటపడ్డాయి. పెళ్ళికాని ఆడపిల్లలను నీటికి ఇచ్చే అలవాటు ఉందని అప్పుడూ చెప్పారు. జబ్బు లేదు, గత్తర లేదు. ఎవరి బిడ్డలని గట్టిగా అడిగినవాళ్ళు లేరు. 2022 ఫిబ్రవరిలో, గంగలో ఎన్ని కోవిడ్ శవాలు పడ్డాయని రాజ్యసభలో అడిగితే ఆ సమాచారం లేదని మీ శాఖే జవాబిచ్చింది. ఆ జవాబు చదివిన రోజు నాకు కలిగిన బాధ ఏ విదేశీ ఫొటో చూసినా కలగలేదు. పరాయివాడు మనల్ని తప్పుగా లెక్కగట్టాడని కోప్పడతాం. మన చచ్చినవాళ్ళను మనమే లెక్కపెట్టలేదు.

ప్రభుత్వం ఇదివరకు ఏమీ చేయలేదని అనను. 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక కాశీలోనే మొదలైంది. 1989లో హరిశ్చంద్ర ఘాట్‌లో విద్యుత్ దహనవాటిక వచ్చింది. శవాలను తినే తాబేళ్ళను పెంచి వేల సంఖ్యలో గంగలో వదిలారు. వాటి కోసం రామ్‌నగర్ కోట నుంచి మాలవీయ వంతెన దాకా అభయారణ్యం ప్రకటించి, 2020లో రద్దు చేశారు. తేలిన దేహాన్ని మాయం చేయడానికి తాబేళ్ళ దాకా ఆలోచన వెళ్ళింది, ఆ దేహం నీళ్ళలోకి రాకుండా ఒడ్డున ఒక ఎకరం భూమి ఇద్దామన్న దాకా వెళ్ళలేదు. పైగా గంగను ముంచుతున్నది అన్నిటికంటే ఎక్కువగా నగరాల మురుగు. దాని ముందు ఒక సాధువు దేహం ఎంత? నదికి నిజంగా జరిగే హాని పేరు చెప్పి పేదవాడి చావును దోషిని చేయకండి.

శ్మశానాలు రాష్ట్రాల జాబితాలోని అంశమని మీ శాఖ అనవచ్చు. అయినా గంగ శుద్ధి పథకమైన నమామి గంగే డబ్బుతోనే ఘాట్లూ దహనవాటికలూ కట్టిస్తున్నారు. గంగ సంరక్షణకు 2016లో ఇచ్చిన ఉత్తర్వు కింద జిల్లా గంగా కమిటీలు మీ చేతిలో ఉన్నాయి. దహనవాటికకు ఇచ్చే నిధిలో పూడ్చే నేలకూ చోటివ్వండి. నది ఒడ్డున ఉన్న ప్రతి పెద్ద ఊళ్ళో, వరద చేరని మెరక మీద, పసిపిల్లలకూ సన్యాసులకూ కొంత భూమి రాసివ్వమని రాష్ట్రాలను అడగండి. అక్కడ పూడ్చాక పిడికెడు మట్టిని గంగలో కలిపి వచ్చేలా ఏర్పాటు ఉంటే ఇంటివాళ్ళ మనసుకు లోటుండదు. ఏ తంతు చేయాలో చితులు కాల్చే డోములనూ పడవవాళ్ళనూ మఠాలవాళ్ళనూ పిలిచి అడగండి, ఢిల్లీలో కూర్చుని రాయవద్దు. కట్టె కొనలేని కుటుంబానికి కాగితాలు అడగకుండా ఘాట్ దగ్గరే కట్టె ఇప్పించండి. ఆసుపత్రి నుంచి పత్రాలు వచ్చేదాకా శవం ఆగదు.

నీళ్ళలో దొరికిన ప్రతి దేహానికీ ఒక నమోదు ఉండాలి. ఆడా మగా, వయసు, ఒంటి మీద గుర్తులు, ఎక్కడ ఏ పద్ధతిలో సాగనంపారు అన్నవి రాయాలి. చనిపోయినవాడికీ మర్యాద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1995లో పరమానంద కటారా కేసులో చెప్పింది. చనిపోయినవారి హక్కుల కోసం ఒక చట్టం చేయమని మానవ హక్కుల కమిషన్ 2021 మే నెలలోనే సూచించింది. ఆ చట్టం ముసాయిదా ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి. మణికర్ణిక ముందు పడవలు ఆపి, మండుతున్న చితుల మీదికి కెమెరాలు పెట్టడాన్ని గట్టిగా ఆపించండి. ఆ ఫొటోలు తీసేది పరాయివాళ్ళే కాదు, మనవాళ్ళూ తీస్తున్నారు.

వచ్చే వానాకాలానికి ముందే కనీసం కాశీలో, ప్రయాగలో, ఉన్నావ్‌లో ఈ భూమి చూపిస్తే మంచిది. వరద దిగాక ఇసుక తిన్నెలు మళ్ళీ బయటపడతాయి, జనం మళ్ళీ అక్కడికే వస్తారు. ఈ మూడు జిల్లాల గంగా కమిటీలు ఎప్పుడు సమావేశమై ఈ విషయం మాట్లాడతాయో తెలియజేస్తే, ఇక్కడి పడవవాళ్ళను, కాటి దగ్గర పనిచేసేవాళ్ళను వెంటబెట్టుకుని నేను హాజరవుతాను.

ఇట్లు,
కాశీలో ఉంటున్న ఒక తెలుగువాడు