మంత్రి గారూ, ఒకే ఊరిని రెండుసార్లు పట్టుకోవచ్చండీ!

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాజీ సైనికులకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూములు, వాటిని అమ్ముకోవడానికి కావాల్సిన ఎన్‌ఓసీలు, రిజిస్ట్రేషన్ ఆపేసే 22ఏ నిషేధిత జాబితా, మాజీ సైనికులు ఆ భూమి అమ్ముకోవచ్చన్న 1117 జీవో... ఇవన్నీ తమరికి నేను చెప్పేదేముంది? నాన్నకిచ్చిన భూమికి ఎన్‌ఓసీ అడిగిన మా ఫైలు ఎందుకు ఆగిందో మాత్రం చెప్పాలి. అది భూతగాదా వల్ల ఆగలేదు. పాకిస్తాన్‌తో జరిగిన 1965 యుద్ధం వల్ల ఆగింది.

నాన్న బతికుండగా తన సర్వీసు వివరాలు స్వయంగా రాసి అర్జీకి జతచేశారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, అక్కణ్నుంచి పంజాబ్ సరిహద్దు. అందులో "సెప్టెంబర్ 6న డోగ్రాయ్ మన చేతికొచ్చింది" అని ఒక లైను, "21 రాత్రి డోగ్రాయ్ మీద దాడి" అని ఇంకో లైను. మీ ఆఫీసువాళ్లు రెండింటి కిందా ఎర్ర ఇంకుతో గీతలు గీసి, పక్కన "పొంతన లేదు, వివరణ కోరవలెను" అని రాశారు. ఇదేంటని అడిగితే, "పట్టుకున్న ఊరిని మళ్లీ పట్టుకోవడమేంటండీ? ఏదో ఒకటి తప్పు" అన్నాడు సీట్లో ఉన్నాయన. ఆ యుద్ధంలో పనిచేసినందుకు నాన్నకిచ్చిన సమర్ సేవా స్టార్ మెడల్ చేతిలో పెడితే వెనక్కీ ముందుకీ తిప్పి "ఇత్తడిదా?" అన్నాడు.

వివరణ అర్జీల్లో ఇచ్చాం, మీ పేషీలో ఇచ్చాం. ఇప్పుడు నలుగురి ముందూ ఇస్తున్నాను.

అమృత్‌సర్ నుంచి లాహోర్ వెళ్లే జీటీ రోడ్డు ఇచ్ఛోగిల్ కాలువను దాటే చోట, పాకిస్తాన్ నేల మీదే, కానీ మనవైపు ఒడ్డున ఉంటుంది డోగ్రాయ్. కాలువ పొడవునా కాంక్రీటు బంకర్లు. సెప్టెంబర్ 6న లెఫ్టినెంట్ కల్నల్ డెస్మండ్ హేడ్ నాయకత్వంలో 3 జాట్ పల్టన్ ఆ ఊరిని పట్టేసి, కాలువ దాటి, బాటా చెప్పుల ఫ్యాక్టరీ ఉన్న బాటాపూర్ దాకా పోయింది. నాన్న జాట్ పల్టన్ మనిషి కాదు, వెనక గన్నుల దగ్గరుండేవారు. ఆ రోజు సంగతి మాత్రం ఆయన చెప్పని పండగ లేదు మా ఇంట్లో.

అంత దూరం పోయినవాళ్ల వెనక ఎవరూ రాలేదు సార్. విమానాల దాడిలో ట్యాంకుల్ని కొట్టే గన్నులు పోయాయి. అదనపు బలగం అందలేదు. ముందున్నవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో వెనకున్న పెద్దలకు సరిగా తెలియనే లేదు. అదే రోజు వెనక్కి రావాల్సొచ్చింది. సంత్‌పురా దగ్గర కందకాలు తవ్వుకుని రెండు వారాలు కూర్చున్నారు. ఈలోగా అవతలివాళ్లు డోగ్రాయ్ చుట్టూ మైన్లు పాతారు, పిల్‌బాక్సుల్లో మెషిన్‌గన్లు పెట్టారు, ట్యాంకులు తెచ్చుకున్నారు. ఒక్క రోజులో చేతికొచ్చిన ఊరి కోసం 21 రాత్రి ఇల్లిల్లూ తిరిగి బాయ్‌నెట్లతో పోరాడి మళ్లీ పట్టుకున్నారు. ఆ దాడిలో గాయపడిన మేజర్ ఆశారాం త్యాగి బతకలేదు. చనిపోయాక మహావీర్ చక్ర ఇచ్చారు.

తాష్కెంట్ ఒప్పందం తర్వాత, 1966 ఫిబ్రవరిలో ఆ ఊరిని తిరిగిచ్చేశాం కూడా. నయం, నాన్న అది రాయలేదు. రాసుంటే మూడో ఎర్ర గీత పడేది.

భూమి విషయంలోనూ మాకు జరిగిందిదే. పట్టా ఇచ్చారు, పాత పోర్టల్లో నిషేధిత జాబితాలో పడేశారు. కొత్త పోర్టల్లో సర్వే నంబరుంది, నాన్న పేరు లేదు. ఎవరినడిగినా పైనుంచి రావాలంటారు. పైన ఉన్నది తమరే కదా?

అమ్మకి ఎనభై దాటాయి. యాప్రాల్ నుంచి ఆటోలో తీసుకొస్తే ఆఫీసు మెట్ల దగ్గరే కూలబడిపోతోంది. ఆస్పత్రి అప్పు తీర్చడానికి ఆ చెక్కలో కొంత అమ్ముకుందామనుకుంటున్నాం, అంతే. దయచేసి ఎన్‌ఓసీ ఇప్పించండి. కుదరదంటే, సైనికులు ఒక ఊరిని ఎన్నిసార్లు పట్టుకోవచ్చో మీ శాఖ తరఫున ఒక సర్క్యులర్ తీయండి, ఇప్పుడు సరిహద్దులో ఉన్న కుర్రాళ్లకైనా పనికొస్తుంది.

కోపంలో మాట తూలితే క్షమించండి. ఫైలు కదిలించండి చాలు. నెలాఖరులోగా ఏ సంగతీ రాకపోతే అమ్మతో మీ పేషీకే వస్తాం. లిఫ్టు పనిచేసే రోజేదో ముందుగా చెప్పించగలరు.

ఇట్లు,
ఒక గన్నర్ కొడుకు,
యాప్రాల్, హైదరాబాద్