కట్టిన తేదీ ముఖ్యం, ఏ ఏటి పన్ను అన్నదీ ముఖ్యమే

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో జీతంతోపాటు ఇంటి అద్దెలు, షేర్ల లాభాలు, సొంత కాంట్రాక్టు పనులు ఆదాయంగా ఉన్నవారు తక్కువేమీ కాదు. జీతం కాని ఆ ఆదాయంపై పన్నును సాధారణంగా ఎవరూ ముందుగా పట్టుకోరు కనుక, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, మరుసటి జనవరి నెలల్లో 15వ తేదీ నాటికి నాలుగు విడతలుగా ఎస్టిమేటెడ్ టాక్స్ (మనమే అంచనా వేసి ముందుగా కట్టే పన్ను) కట్టవలసి వస్తుంది. కట్టేటప్పుడు చూపే శ్రద్ధ, పన్ను రిటర్న్ దాఖలు చేసేటప్పుడు ఆ మొత్తాలను పన్ను సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయడంలో చాలామంది చూపడం లేదు.

జీతంలో పట్టుకున్న పన్ను, యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 ఫారంలో ఉంటుంది. ఈ విడతలకు అటువంటి ఫారం ఏదీ ఇంటికి రాదు. విడతలు కట్టడానికి వోచర్లు ముద్రించి ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు కూడా మనం నిజంగా ఎంత కట్టామో తెలియదు. గడుల్లో అంకెలు ముందే నిండి కనిపించినా అవి కట్టమని సూచించినవే కావచ్చు. వాటిని అలాగే వదిలేస్తే, కట్టని సొమ్ముకు జమ కోరినట్లవుతుంది.

ఎక్కువ తికమక జనవరి విడతతోనే. 2025 జనవరి 15న కట్టిన నాలుగో విడత 2024 రిటర్న్‌లోనే జమ కావాలి. అదే 2025 ఏప్రిల్‌లో, పాత రిటర్న్ పంపే రోజుల్లోనే కట్టిన మొదటి విడత మాత్రం 2025 లెక్కకు చెందుతుంది. రాష్ట్ర పన్ను దగ్గర మరో మెలిక ఉంది. 2024 రాష్ట్ర పన్ను కోసం 2025 జనవరిలో కట్టిన సొమ్ము రాష్ట్ర రిటర్న్‌లో 2024కే జమ అయినా, ఫెడరల్ (కేంద్ర) రిటర్న్‌లో షెడ్యూల్ ఎ (మినహాయింపులను విడివిడిగా చూపే పత్రం) వాడేవారికి ఆ సొమ్ముపై మినహాయింపు కట్టిన సంవత్సరమైన 2025లోనే వస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి విడతకూ తేదీ అడగడానికి ఇదొక కారణం. ఆలస్యానికి పడే అపరాధ రుసుమును ఫారం 2210లో లెక్కించడానికీ ఆ తేదీలే ఆధారం. కాబట్టి గడువు తేదీ కాకుండా, నిజంగా చెల్లించిన తేదీనే రాయాలి.

నిరుటి రిఫండును ఈ ఏటికి మళ్లించుకున్నవారు దానిని విడతల్లో కలపకుండా, దానికి కేటాయించిన గడిలో చూపాలి. రెండూ చివరకు ఫెడరల్ రిటర్న్ అయిన ఫారం 1040లో 26వ వరుసకే చేరతాయి కనుక, సమర్పించే ముందు ఆ ఒక్క వరుసను ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఆన్‌లైన్ ఖాతాలోని చెల్లింపులతో సరిపోల్చుకోవడం ఉత్తమం. దంపతులు ఉమ్మడిగా దాఖలు చేస్తుంటే ఇద్దరి ఖాతాలూ చూసుకోవాలి.

రిటర్న్‌ల కాలం మొదలయ్యే జనవరిలోనే ఈ వివరాలను మీ పత్రికలో ఒక వ్యాసంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, న్యూజెర్సీ