పందెం సగం నువ్వే గెలిచావు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఏమీ అనుకోకురా. ఒంట్లో బాగానే ఉంది, చలి చంపేస్తోంది, అమ్మ పంపిన గోంగూర అయిపోయింది. ఇక అసలు సంగతి.

ఇంటర్‌లో టీకొట్టు దగ్గర మన గొడవ గుర్తుందా? "నాజీ జర్మనీలో జరిగిన ఘోరాలంతా హిట్లర్ ఒక్కడి పనే" అని నేను. "ఒక్కడు ఎలా చేస్తాడ్రా?" అని నువ్వు. పెసరట్టు పందెం! చరిత్రకారులు కూడా ఏళ్ళ తరబడి దీని మీదే వాదించుకున్నారురా. అంతా హిట్లర్ ముందే అనుకుని చేశాడనేవాళ్ళు ఇంటెన్షనలిస్టులు, అంటే నా పక్షం. నీ పక్షం ఫంక్షనలిస్టులది. వాళ్ళలో హాన్స్ మామ్‌సెన్ అయితే హిట్లర్‌ని బలహీన నియంత అనేశాడు. ప్రభుత్వ ఆఫీసులు ఒకదానితో ఒకటి పోటీ పడి ఆ రాజ్యాన్ని అంతకంతకూ ఘోరంగా తయారుచేశాయంటాడు. 1938 ఫిబ్రవరి తర్వాత హిట్లర్ మంత్రివర్గం మళ్ళీ కూర్చోనే లేదు, తెలుసా?

ఇక ఇయన్ కెర్షా అనే చరిత్రకారుడు చెప్పింది చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. 1934లో జర్మనీలోని ప్రష్యా రాష్ట్ర వ్యవసాయశాఖ అధికారి విలికెన్స్ ఒక ప్రసంగంలో అన్నాడట: ఫ్యూరర్, అంటే నాయకుడు హిట్లర్, అన్నీ పైనుంచి ఆజ్ఞాపించలేడు, ఆయన మనసెరిగి పనిచేయడం అందరి బాధ్యత అని. మనసెరిగి! మనింట్లో ఎంత మంచి మాటరా అది. ఇక్కడ వింటే ఒళ్ళు జలదరించింది.

జర్మనీలో నేనుంటున్న ఈ వుర్జ్‌బర్గ్‌లో గెస్టపో, అంటే హిట్లర్ రహస్య పోలీసుల ఫైళ్ళు కాలిపోకుండా మిగిలాయి. 8 లక్షల మందికి పైగా ఉన్న ఈ ప్రాంతానికంతా 1937లో వాళ్ళు 28 మందే! మరి అందరి గుట్టూ ఎలా తెలిసేది? ఇరుగుపొరుగే వచ్చి చెప్పేవాళ్ళు. సంగీతం చదివే ఒకమ్మాయి యూదులతో స్నేహంగా ఉంటోందనీ, మనిషి అదోలా ఉంటుందనీ పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారు. చివరికి ఆమెను రావెన్స్‌బ్రూక్ అనే నాజీ నిర్బంధ శిబిరానికి పంపేశారు. అలా చెప్పమని వాళ్ళని ఎవరూ అడగలేదురా. రోజూ నేను నడిచే వీధులే ఇవి…

అయినా పందెం పూర్తిగా ఒప్పుకోను. మనసెరగాలంటే ముందు ఆ మనసొకటి ఉండాలి కదా? ఆ ద్వేషం హిట్లర్‌దే. అది లేకపోతే వీళ్ళంతా ఎవరి మెప్పు కోసం పోటీపడేవాళ్ళు? కాబట్టి నీకు సగం పెసరట్టే బాకీ, అల్లం పచ్చడి మాత్రం మొత్తం నీకే.

ఆ ఫైల్లో ఇంకో సంగతి ఉంది, అదేంటంటే… లైబ్రరీలో లైట్లు ఆర్పేస్తున్నారు. రేపు రాస్తా.

నీ
కృష్ణ