వార్షిక నివేదిక: పాత రైలు కట్ట బాట, పట్టణ ప్రణాళిక పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో కంటికి కనిపించేవి తక్కువ. కొత్త బెంచీలు వేయలేదు, బోర్డులు పెట్టలేదు. శ్రమ అంతా రెండు చోట్లకు పోయింది. ఒకటి, రైళ్లు ఆగిపోయిన పాత కట్ట మీద నడకకు, సైకిళ్లకు మనం బాగుచేస్తున్న బాట పక్క కాలువలు, రెండోది పట్టణంలో ఏ స్థలం దేనికో తేల్చే మాస్టర్ ప్లాన్. రెండోదే ముఖ్యమని కార్యవర్గం అభిప్రాయం. ముందు కాలువల సంగతి చెబుతాను.

రైలు కట్ట వేసినవాళ్లకు నీళ్ల లెక్క బాగా తెలుసు. కట్ట ఎత్తుగా ఉన్నచోట అడుగున కల్వర్టులు కట్టారు, గుట్ట తొలిచి లైను వేసినచోట రెండు పక్కలా కాలువలు తీశారు. రైళ్లు ఆగిపోయాక వాటిని పట్టించుకున్నవారు లేరు. ఆకులు, మట్టి చేరి అవి పూడిపోయాయి. వాన పడితే నీళ్లు బాట మీదే నిలిచేవి. ముందు రాతిపొడి పరిచేస్తే నడవడానికి బాగుంటుందని చాలామంది అడిగారు. నీళ్లు పోయే దారి లేకుండా ఏం పరిచినా మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుందని, ఇలాంటి పనుల్లో చేయి తిరిగిన సభ్యులు పట్టుబట్టారు. వాళ్ల మాటే నెగ్గింది. వానలకు ముందే పారలు, గునపాలు పట్టుకుని పూడిక తీశాం. ఆ తర్వాతే కొంత మేర రాతిపొడి పరిచి, తడిపి, రోలర్ తిప్పాం. బాట వెడల్పు మూడు మీటర్లు. అడ్డంగా నూటికి రెండు వంతుల వాలు ఇచ్చాం. అంటే ఒక అంచు రెండో అంచు కంటే ఆరు సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. నడిచేవారికి ఆ తేడా తెలియదు గానీ నీళ్లు మాత్రం నిలవడం లేదు.

నిలువు వాలు గురించి మనం తల పట్టుకోవాల్సిన పనే లేకపోయింది. రైలింజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు కాబట్టి కట్టను మెల్లగా ఎక్కిస్తూ మెల్లగా దింపుతూ వేశారు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి, చిన్నపిల్లల సైకిళ్లకు ఇంతకంటే తేలికైన దారి దొరకదు. అందుకే బాట మొదట్లో మధ్యన పాతిన ఇనుప స్తంభాన్ని తీసేయించాం. వాహనాలు లోపలికి రాకుండా పెట్టిన ఆ స్తంభం వాటికంటే సైకిళ్లకు, మూడు చక్రాల బండ్లకే ఎక్కువ అడ్డమైంది. ఇలాంటి స్తంభాలను తప్పనిసరైతే తప్ప పెట్టవద్దని అమెరికా రహదారి ఇంజినీర్ల మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. వంతెన మీద రెయిలింగ్ ఎత్తును 42 అంగుళాలుగా ఉంచింది కూడా వాటి ప్రకారమే.

పట్టాల కింద ఉండే పాత చెక్క దిమ్మెల (స్లీపర్ల) మీద మళ్లీ చర్చ వచ్చింది. వాటితో బెంచీలు చేద్దామని, మొక్కల మళ్లకు అంచులు కడదామని కొందరు సూచించారు. ఒప్పుకోలేదు. కుళ్లకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ అనే తారు నూనె ఒంటికి తగిలినా, కాల్చినప్పుడు పొగ పీల్చినా ప్రమాదమే. దయచేసి ఎవరూ ఇంటికి తీసుకెళ్లవద్దు. పాత లైన్ల వెంట ఒకప్పుడు కలుపు చావడానికి ఆర్సెనిక్ ఉన్న మందులు చల్లేవారు. అందుకని పట్టాలు ఉన్న జాగాలో మట్టి తవ్వకుండా, పైన రాయి పరిచి కప్పేశాం.

ఇక మాస్టర్ ప్లాన్. రైలు కట్ట విలువంతా అది తెగకుండా సాగడంలోనే ఉంది. మధ్యలో ఒక్క ముక్క ఇళ్ల స్థలాల కింద పోతే మిగతాది రెండు చిన్న పార్కులుగా మిగులుతుంది. బ్రిటన్‌లో ఇదే జరిగింది. 1963లో, నష్టాల్లో నడిచే లైన్లు మూసేయాలంటూ బీచింగ్ నివేదిక వచ్చాక వేల కిలోమీటర్ల లైన్లు మూతపడ్డాయి, చాలాచోట్ల భూములు ముక్కలుగా అమ్ముడుపోయాయి, వంతెనలు కూల్చేశారు. వాటిని ఇప్పుడు కలపడం ఎంత కష్టమో అక్కడివారికే తెలుసు. అయినా బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన లైనును స్వచ్ఛంద కార్యకర్తలు 1979 నుంచి 1986 దాకా దశలవారీగా బాటగా మార్చారు. అమెరికా 1983లో చట్టం సవరించి, రైళ్లు ఆగిన దారిని ముక్కలు కానివ్వకుండా బాటగా వాడుతూ, అవసరమైతే మళ్లీ రైలుకే ఇచ్చే ఏర్పాటు చేసింది. దాని మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే 1990లో చట్టమే నిలిచింది.

ఇవన్నీ సభ్యుల సమావేశాల్లో చెప్పుకున్నాక, ముసాయిదా పటాన్ని ముందేసుకుని కూర్చున్నాం. అందులో కట్ట కొంత దూరం ఆకుపచ్చ రంగులో ఉంది, ఆ తర్వాత గీత మాయమై నివాస ప్రాంతం రంగు వచ్చేసింది. అభ్యంతరాలు, సూచనలు ఇచ్చే గడువులోపే మనం రాతపూర్వకంగా మూడు కోరాం. కట్ట మొత్తాన్ని రవాణా మార్గంగా గుర్తించాలి. పక్కన వచ్చే లేఅవుట్లు కట్ట వైపు ప్రహరీ గోడ కట్టి ఊరుకోకుండా బాటలోకి దారి వదలాలి. రోడ్డు దాటే చోట్ల బాటను రోడ్డు మట్టం కంటే కొంచెం ఎత్తులో దాటించి, మలుపులో చూపుకు అడ్డం వచ్చే పొదలు, హోర్డింగులు తీయించాలి. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది పరిశీలనలో ఉందన్నారు. ఆ జవాబు ఎప్పటికి తేలుతుందో మీకూ తెలుసు, అందుకే దాన్ని వదలకుండా అడుగుతూనే ఉన్నాం. మూడోది రోడ్ల విభాగానికి పంపారు.

ఒక విషయంలో మన సభ్యులే రెండుగా చీలారు. బాట బాగుపడితే పక్కన అద్దెలు పెరుగుతాయి, ఇప్పుడున్నవాళ్లే వెళ్లిపోవాల్సి వస్తుందని కొందరి భయం. అది ఉత్తుత్తి భయం కాదు. న్యూయార్క్‌లో స్తంభాల మీద ఎత్తున సాగే పాత రైలు లైను హై లైన్‌ను పార్కుగా మార్చడం కోసం 1999లో స్థానికులు సంఘం పెట్టారు. 2005లో అక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు మార్చి, దాని కింద స్థలాలున్నవారు నిర్మాణ హక్కులను వేరేచోటికి బదిలీ చేసుకునే వీలు కల్పించారు. మన దగ్గర టీడీఆర్ అంటామే, అదే. 2009లో మొదటి భాగం తెరిచాక చుట్టూ ఖరీదైన భవనాలు లేచాయి. హై లైన్ నిలిచింది, చుట్టుపక్కల అద్దెలు మాత్రం కొండెక్కాయి. కాబట్టి బాటలోకి మొదటి దారులు తక్కువ ఆదాయం వారు ఉండే వీధుల నుంచే తీయాలని, అక్కడి అద్దె ఇళ్లకు రక్షణ ఉండాలని, పై మూడింటితో పాటు మన వినతిలో చేర్చాం. చేర్చకూడదని వాదించినవారి అభిప్రాయం మినిట్స్‌లో నమోదైంది.

మొక్కల పెంపకం మామూలుగానే సాగింది. జమాఖర్చుల పట్టిక, ఆడిటర్ సంతకంతో, దీనికి జతచేశాం.

సర్వసభ్య సమావేశంలో తేల్చాల్సింది దీపాల సంగతి. చీకటి పడ్డాక ఇంటికి నడిచే స్త్రీలు బాటంతా దీపాలు కావాలంటున్నారు. గబ్బిలాలు, రాత్రి పక్షులు తిరిగే కటింగ్ (గుట్ట తొలిచినచోటు) దగ్గర వద్దని మరికొందరు అంటున్నారు. కార్యవర్గం ప్రతిపాదన ఇది: వీధులు కలిసే చోట్ల మోకాలెత్తు దీపాలు, కటింగ్‌లో మనిషి వస్తేనే వెలిగే దీపాలు. ఓటింగ్ ఉంటుంది, తప్పక రండి. పారలు, గునపాలు ఇంకా ఇళ్లలోనే పెట్టుకున్నవారు వస్తూ వస్తూ వాటినీ తీసుకురండి.

కార్యదర్శి