కాలి కింద మీట

విశాఖపట్నం

ప్రియమైన మిత్రమా,

రోజంతా ప్రూఫులు దిద్దడం వల్ల కుడి మణికట్టు లాగేస్తోందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. పేజీలు కిందికి జరిపే పనిని చేతికి తప్పించి కాలికి అప్పగించాలని రెండు నెలలుగా కుస్తీ పడుతున్నాను. మా అమ్మమ్మ కాళ్లతో కుట్టుమిషను తొక్కుతూ చేతులతో గుడ్డ జరిపేది. కంప్యూటరు ముందు కూర్చున్న నా కాళ్లు మాత్రం ఊరికే ఎందుకుండాలి? 1961లోనే ఎడ్వర్డ్ థోర్ప్, క్లాడ్ షానన్ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు రూలెట్ జూదంలో బంతి ఎక్కడ ఆగుతుందో అంచనా కట్టే చిన్న కంప్యూటరును ఒంటిపై ధరించి, బూటులో దాచిన మీటలను కాలివేళ్లతో నొక్కి నడిపించారు. వాళ్లనూ తీగలు తెగి వేధించాయని చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది.

నేను వాడింది ఒత్తిడి పడితే విద్యుత్ నిరోధం తగ్గిపోయే పలుచని బిళ్ల. దానికి పదివేల ఓముల రెసిస్టరును వరుసగా కలిపితే ఒత్తిడిలోని తేడా వోల్టేజిలో తేడాగా కనిపిస్తుంది. ఆ వోల్టేజిని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు చిప్పు ఉన్న బోర్డు 0 నుంచి 4095 వరకు ఉండే అంకెగా చదివి, బ్లూటూత్ కీబోర్డులాగా కంప్యూటరుకు మీట నొక్కిన కబురు పంపుతుంది. చెప్పులో బొటనవేలి కింద ఒక బిళ్ల, మడమ కింద మరొకటి పెట్టాను. మొదటి బిళ్లకు ఉండే లోహపు కొసలకు నేరుగా టంకం పెట్టబోయి ప్లాస్టిక్కును కరిగించేశాను. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన అట్టకు, పైతోలుకు మధ్య తీగ నలగకుండా గాడి కోసి ఇచ్చారు. నా పనితనం కంటే ఆయన పనితనమే ఎక్కువకాలం నిలిచేలా ఉంది.

అసలు చిక్కంతా నడకతో వచ్చింది. మడమ ఎత్తి వేలితో నొక్కితే పేజీ జరగాలని ప్రోగ్రాము రాశాను, కానీ అడుగు ముందుకు వేసేటప్పుడు పాదం చేసేది కూడా సరిగ్గా అదే. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, దిద్దుతున్న పుస్తకం చివరి అధ్యాయానికి చేరుకుని నాకోసం ఎదురుచూస్తోంది! అందుకని మడమను వెంటవెంటనే రెండుసార్లు తాటిస్తే తాళం పడేలా, మళ్లీ తాటిస్తే తెరుచుకునేలా మార్చాను. నొక్కినట్టు లెక్కించే అంకెను, వదిలినట్టు లెక్కించే అంకెను దూరదూరంగా పెట్టాక ఒక్క నొక్కుకు మూడు పేజీలు దూకడం కూడా ఆగింది.

మన ఊరి ఉక్కపోత సంగతి నీకు తెలుసు. చెమట పట్టిన చెప్పులో ఉదయం ఉన్న అంకెలు మధ్యాహ్నానికి ఉండవు. కాబట్టి తొడుక్కున్న ప్రతిసారీ రెండు సెకన్లు కదలకుండా కూర్చుంటే, ఆ సమయపు సగటును బోర్డు సున్నాగా తీసుకుంటుంది. దీనితో బీచ్ రోడ్డుకు వెళ్లవద్దని మా ఇంట్లో ముందే ఆంక్ష పెట్టారు, ఇసుక చేరితే మళ్లీ విప్పాల్సింది నేనే కదా.

కుడికాలిది పని చేస్తోంది, ఎడమకాలిది మొదలుపెట్టాలి. పండక్కి వచ్చేటప్పుడు అట్ట మందంగా ఉండే నీ పాత చెప్పుల జత పారేయకుండా పట్టుకురా, నీదీ నాదీ ఒకే సైజు.

నీ
మిత్రుడు