కోలారు గబ్బిలం మన గుట్టల్లో ఉందేమో వెతకండి

సంపాదకులకు నమస్కారం.

మాది పలమనేరు దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా అమెరికాలో, అరిజోనాలోని టక్సన్‌లో ఉంటున్నాను. ఇక్కడ హమ్మింగ్ బర్డ్స్ కోసం పెరట్లో చక్కెర నీళ్ల సీసా వేలాడదీస్తారు. ఆగస్టు చివర్లో ఒకరోజు సాయంత్రం నింపిన సీసా తెల్లారేసరికి ఖాళీ. కారుతోందేమోనని కొత్తది పెట్టాను. అదీ ఖాళీయే. మూడో రాత్రి కాపు కాస్తే దొంగలు దొరికారు, గబ్బిలాలు! ఒకటి రావడం, వాలకుండానే పొడుగాటి నాలుక చాపి ఒక్క గుటక వేసి పోవడం, వెనకే ఇంకోటి. ఫోన్లో చెబితే మా అమ్మ, "ఇంటికి గబ్బిలాయి వస్తే అరిష్టంరా" అని కోప్పడింది.

ఇవి మెక్సికో నుంచి వస్తాయి. చూలుతో ఉన్న ఆడవి కాక్టస్ పూల కోసం వసంతంలో ఉత్తరానికి బయలుదేరతాయి. వేసవి ముదిరాక కిత్తనార పూల మీద పడతాయి. మన చేలకు కంచెగా వేసే కిత్తనార పుట్టిల్లూ మెక్సికోయే. 1988లో అమెరికా వీటిని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చేనాటికి లెక్కకు దొరికినవి వెయ్యి లోపే. ఇక్కడ ఎంత కాపాడినా, అక్కడ రక్తం తాగే గబ్బిలాలనుకుని గుహలకు నిప్పు పెడుతుంటే ఏం లాభం? అందుకే 1994లో మెక్సికో శాస్త్రవేత్త రోడ్రిగో మెడెయిన్ అమెరికా వాళ్లతో కలిసి పని మొదలుపెట్టారు. గుహలకు రక్షణ వచ్చింది, చుట్టుపక్కల బళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పారు. టెకీలా అనే మద్యం కోసం కిత్తనారను పూయకముందే నరికే రైతుల్లో కొందరు ఇప్పుడు నూటికి ఐదు మొక్కలు పూతకు వదులుతున్నారు. రెండు దేశాల్లో కలిపి సుమారు 2 లక్షలు తేలాక, 2018లో అమెరికా ఆ జాబితాలోంచి వీటిని తీసేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పలమనేరు నుంచి నంగలి చెక్‌పోస్టు దాటితే కోలారు జిల్లా. అక్కడ హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహలో కోలారు గబ్బిలం మిగిలింది. ప్రపంచంలో ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. 200 కూడా లేవు. చుట్టూ గ్రానైట్ కొండలు, వాటి మీద క్వారీల కన్ను. దీన్ని కాపాడటం కర్ణాటక పని అని మనం ఊరుకున్నాం. మనకు గబ్బిలమంటే అంతే లెండి, 2022లో సవరించేదాకా వన్యప్రాణి చట్టమే పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి పీడ జీవుల్లో వేసింది.

అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ ఇచ్చిన కుంకీ ఏనుగుల కోసం ఆంధ్ర, కర్ణాటక ఒప్పందం చేసుకున్నాయి. అలా వచ్చిన ఏనుగులు మా పలమనేరు క్యాంపుకే చేరాయి. అదే చొరవతో సరిహద్దు గుట్టలను రెండు అటవీ శాఖలూ కలిసి వెతకాలి. అది పూర్తయ్యేవరకు గుహలున్న కొండల మీద కొత్త క్వారీ లీజులు ఆపాలి. ఏ గుట్టలో ఏ బిలం ఉందో మా వైపు మేకలు కాసేవాళ్లకు బాగా తెలుసు. అధికారులు ముందు వాళ్లను అడగాలి.

– ఒక పాఠకుడు, టక్సన్, అమెరికా